బొగ్గును కాల్చే ముందే కడిగితే ఏం తగ్గుతుంది, ఏం తగ్గదు

ఒడిశాలోని తాల్చేరు గనుల్లో లోడైన బొగ్గు రేకు, అంటే గూడ్సు రైలు, విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో ఉన్న నార్ల తాతారావు థర్మల్ కేంద్రానికి చేరాలంటే ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణించాలి. రేకుకు 58, 59 వాగన్లు, అన్నీ కలిపి దాదాపు నాలుగు వేల టన్నుల సరుకు. తాల్చేరు బొగ్గులో బూడిద 40 శాతం దాకా ఉంటుంది, కొన్ని సీముల్లో, అంటే బొగ్గు పొరల్లో, అంతకంటే ఎక్కువే. అంటే ఆ నాలుగు వేల టన్నుల్లో దాదాపు పదహారు వందల టన్నులు ఎంత మంట పెట్టినా కాలని మట్టీ, ఇసుకా, రాయీ. రైల్వే మాత్రం టన్నుల లెక్కన చార్జీ తీసుకుంటుంది, బొగ్గుకైనా రాయికైనా రేటు ఒకటే. ఆ చార్జీ చివరికి కరెంటు బిల్లులోకే వచ్చి చేరుతుంది. ఆ రాయంతా బాయిలర్‌లోంచి బూడిదగా బయటికొచ్చి కొంత గాలిలోకి, చాలావరకు బూడిద చెరువులోకి పోతుంది.

ఇంత రాయిని రాష్ట్రాలు దాటించి మోసుకొచ్చే బదులు గని దగ్గరే తీసేసి పంపొచ్చు కదా అనిపించడం సహజం. తీయొచ్చు. దానికి పద్ధతులు ఎప్పటినుంచో ఉన్నాయి, ఉక్కు ఫ్యాక్టరీలకు వెళ్లే కోకింగ్ బొగ్గును మన దేశంలో దశాబ్దాలుగా కడుగుతూనే ఉన్నారు. అయితే కరెంటు కోసం కాల్చే బొగ్గు విషయానికి వచ్చేసరికి చర్చంతా కలగాపులగం అయిపోతుంది. కడిగితే కాలుష్యం పోతుందని ఒకరంటారు, కడగడం డబ్బు దండగని ఇంకొకరంటారు. ఏ కాలుష్యం గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోకుండా ఈ వాదన ఎన్నాళ్లు చేసినా తెగదు. బూడిద వేరు, గంధకం వేరు, కార్బన్ డయాక్సైడ్ వేరు. కడిగితే మొదటిది బాగానే తగ్గుతుంది, రెండోది మన బొగ్గులో దాదాపు తగ్గదు, మూడోది ఏదో కొంచెం.

మన బొగ్గులో ఇంత బూడిద ఎందుకుందంటే అది పుట్టిన తీరు అలాంటిది. గోదావరి లోయలోని సింగరేణి బొగ్గైనా, మహానది లోయలోని తాల్చేరు బొగ్గైనా గోండ్వానా కాలం నాటివి, పాతిక ముప్పై కోట్ల ఏళ్ల కిందటివి. యూరప్, అమెరికాల్లో చాలాచోట్ల చెట్లు పెరిగిన చిత్తడి నేలలోనే కూరుకుపోయి బొగ్గయ్యాయి. ఇక్కడ నదులు ఆ వృక్ష పదార్థాన్ని మోసుకొచ్చి, వెంట తెచ్చిన ఒండ్రుతో సహా పల్లాల్లో పోశాయన్నది ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. అందుకే మట్టి బొగ్గు పొరల మధ్య బ్యాండులుగా ఉండటమే కాదు, బొగ్గు లోపల సన్నటి రేణువులుగా కూడా కలిసిపోయింది. ఇది మంచినీటి ప్రాంతంలో జరగడంతో ఒక మేలూ జరిగింది. సముద్రపు నీటి ప్రభావం లేక గంధకం తక్కువ, సాధారణంగా అర శాతం దగ్గర ఉంటుంది. అస్సాం, మేఘాలయ బొగ్గు దీనికి పూర్తిగా తలకిందులు. అక్కడ బూడిద తక్కువ, గంధకం ఎక్కువ.

దీనికి తోడు తవ్వే పద్ధతి మారింది. వెనక అండర్‌గ్రౌండ్ బొగ్గుబాయిల్లో సీమును చూసుకుంటూ తవ్వేవారు, పైకొచ్చాక బెల్టు పక్కన నిలబడి చేత్తో రాళ్లు ఏరేవారు. ఇప్పుడు దేశంలో బొగ్గు దాదాపు అంతా పైనున్న మట్టిని తీసి తవ్వే ఓపెన్‌కాస్టు గనుల నుంచే వస్తోంది. పెద్ద షావెల్ ఒక్కసారి బకెట్ దించిందంటే బొగ్గు పొరా, దాని మధ్యలో ఉన్న షేల్ (మట్టి గట్టిపడిన రాయి) బ్యాండూ కలిసే డంపర్‌లో పడతాయి. ఉత్పత్తి పెరిగింది నిజమే, దాంతోపాటు సరుకులో రాయీ పెరిగింది.

బొగ్గును కడిగే వాషరీలో జరిగే పని మన ఇళ్లలో బియ్యం గాలించడం లాంటిదే. నీళ్లలో కదిలిస్తే బియ్యం తేలి ముందుకు జారుతుంది, రాళ్లు అడుగున ఉండిపోతాయి. మంచి బొగ్గు సాంద్రత నీటికి 1.3, 1.4 రెట్లు, షేల్ రాయిది రెండు రెట్లకు పైన. ఈ తేడా మీదే మొత్తం వ్యవహారం నడుస్తుంది. గని నుంచి వచ్చిన బొగ్గును ముందు క్రషర్‌లో వేసి చిన్న ముక్కలు చేస్తారు. జిగ్ అనే యంత్రంలో అయితే జల్లెడ మీద పరిచిన బొగ్గును కింది నుంచి నీటితో ఎగదోస్తూ ఉంటారు, తేలికవి పైకీ బరువైనవి కిందికీ వేరవుతాయి. ఇంకా కచ్చితంగా వేరుచేయాలంటే మాగ్నెటైట్ పొడిని నీళ్లలో కలిపి చిక్కటి ద్రవం చేసి దాని సాంద్రతను 1.6 దగ్గరో 1.8 దగ్గరో నిలబెడతారు. అందులో బొగ్గు తేలుతుంది, రాయి మునుగుతుంది. పని అయ్యాక మాగ్నెటైట్‌ను అయస్కాంతంతో లాగి మళ్లీ వాడుకుంటారు. మరీ సన్నటి పొడిని నురగ పద్ధతిలో వేరుచేయొచ్చు కానీ అది ఖరీదు, కరెంటు బొగ్గుకు దాని జోలికి పోయేవారు తక్కువ.

చిక్కంతా మధ్య రకం ముక్కలతో వస్తుంది. సగం బొగ్గు, సగం రాయి ఉన్న ముక్క తేలాలా, మునగాలా? మన బొగ్గులో ఇలాంటివే ఎక్కువ. బూడిదను 40 నుంచి 34 శాతానికి దించడం పెద్ద కష్టం కాదు, 20కి దించాలంటే మాత్రం మంచి బొగ్గును కూడా బోలెడంత పారేసుకోవాలి. కాబట్టి వాషరీ ఎంత శుభ్రం చేసిందన్న ప్రశ్న పక్కన, ఎంత పారేసిందన్న ప్రశ్న కూడా ఎప్పుడూ ఉండాలి.

ఉజ్జాయింపుగా ఒక లెక్క చూద్దాం. 40 శాతం బూడిద, కిలోకు 3,500 కిలోకేలరీల వేడి ఉన్న ముడి బొగ్గు 100 టన్నులు వాషరీలో వేస్తే 34 శాతం బూడిద, 4,000 కిలోకేలరీలు ఉన్న కడిగిన బొగ్గు 80 టన్నులు వచ్చిందనుకుందాం. మొత్తం బూడిద 40 టన్నుల్లో 27 టన్నులు కడిగిన బొగ్గుతో వెళ్తుంది, దాదాపు 13 టన్నులు రిజెక్టులో, అంటే వేరుచేసి పారేసిన సరుకులో, ఉండిపోతుంది. ఆ రిజెక్టు 20 టన్నుల్లో కిలోకు ఇంకా 1,500 కిలోకేలరీల దాకా వేడి మిగిలి ఉంటుంది. అంటే తవ్విన వేడిలో ఎనిమిది, తొమ్మిది శాతం వాషరీ దగ్గరే ఆగిపోయింది. కడగడాన్ని పొగిడేవాళ్లు ఈ తొమ్మిది శాతాన్ని దాటవేస్తారు, తిట్టేవాళ్లు ఆ 13 టన్నుల రాయి ప్లాంటు దాకా రాలేదన్న సంగతి దాటవేస్తారు. రెండూ పక్కపక్కన పెట్టుకుంటేనే ఏదైనా తేలుతుంది.

ఇప్పుడు ప్లాంటు వైపు. 500 మెగావాట్ల యూనిట్ రోజంతా పూర్తి లోడులో నడిస్తే కోటీ ఇరవై లక్షల యూనిట్ల కరెంటు వస్తుంది. ఒక్కో యూనిట్ కరెంటుకు 650 గ్రాముల బొగ్గు చొప్పున రోజుకు 7,800 టన్నులు. బూడిద 40 శాతం అంటే మూడు వేల టన్నుల పైమాటే. ఇందులో అయిదో వంతు బరువుగా బాయిలర్ అడుగున పడుతుంది, మిగతా 2,500 టన్నులు పొగతో పాటు ఎగురుతూ చిమ్నీ వైపు వెళ్తుంది. దాన్ని పట్టేది ఇఎస్‌పి, అంటే కరెంటు చార్జితో ధూళి రేణువులను పలకలకు లాగే యంత్రం. అది 99.9 శాతం పట్టిందంటే చాలా బాగా పనిచేస్తున్నట్టే, అప్పుడు కూడా రెండున్నర టన్నులు గాల్లోకి పోతుంది. సామర్థ్యం 99.5కి పడితే? కాగితం మీద అది అర శాతం కూడా కాని తేడా, గాల్లోకి పోయేది మాత్రం అయిదు రెట్లై పన్నెండున్నర టన్నులవుతుంది.

పై లెక్కలోని కడిగిన బొగ్గు వాడితే వేడి ఎక్కువ కాబట్టి 7,800 టన్నుల చోట 6,800 టన్నులు సరిపోతుంది. బూడిద మూడు వేల టన్నుల పైనుంచి 2,300కు దిగుతుంది. బూడిద శాతం 40 నుంచి 34కి తగ్గితే ఏముందిలే, ఆరే కదా అనిపిస్తుంది, కానీ టన్నుల్లో చూస్తే నాలుగో వంతు పోయింది. ఇఎస్‌పి ఇదివరకటిలాగే పనిచేసినా బయటికిపోయే ధూళి అదే మేరకు తగ్గుతుంది. పైగా మన బూడిదను పట్టడం ఇఎస్‌పికి మామూలుగానే కష్టం. గంధకం తక్కువ కావడంతో రేణువులు చార్జిని సరిగ్గా వదలవు, అందుకని ఇక్కడి యంత్రాలను పెద్దవిగా కట్టాలి. దాని నెత్తిన పడే బరువు తగ్గించడం చిన్న సాయం కాదు.

బాయిలర్ లోపల జరిగేది బయటివాళ్లకు కనిపించదు కానీ ప్లాంటులో పనిచేసేవాళ్లకు రోజూ ఉండే టెన్షన్ అదే. బూడిదలో ఉండే క్వార్ట్జ్ ఇసుక గంటల తరబడి వేగంగా వచ్చి ట్యూబులకు కొట్టుకుంటూ ఉంటే గోడలు పలచబడతాయి. బాయిలర్‌కు వెళ్లే నీటిని పొగ వేడితో కాచే ఎకనమైజర్‌లో ఒక ట్యూబు చిల్లుపడిందంటే యూనిట్ ఆపాలి, చల్లారాలి, లోపలికి దూరి వెల్డింగ్ చేయాలి, మళ్లీ లైటప్ చేయాలి. రెండు మూడు రోజులు అలా పోతాయి. ఆపి మళ్లీ వెలిగించేటప్పుడు ఆయిల్ కాల్చాలి, ఆ సమయంలో ఇఎస్‌పి కూడా పూర్తిగా పనిచేయదు, అప్పుడొచ్చే పొగే అసలు నల్లటి పొగ. బొగ్గు మిల్లుల రోలర్లు అరిగిపోవడం, బూడిద పంపుల పైపులు చిల్లులు పడటం, బూడిదను చెరువు దాకా తోయడానికి ప్లాంటు సొంత కరెంటు ఖర్చవడం, ఇవన్నీ కూడా రాయితో వచ్చే ఖర్చులే. వాషరీ చార్జీ ఎంతో చెప్పేవాళ్లు ఈ ఖర్చుల్ని దాని పక్కన పెట్టి చూపించడం అరుదు.

కడిగిన బొగ్గుకూ ఒక బలహీనత ఉంది. తడి పద్ధతిలో కడిగితే సరుకులో నాలుగైదు శాతం తేమ అదనంగా మిగులుతుంది, దాన్ని ఆవిరి చేయడానికి బాయిలర్ వేడి కొంత ఖర్చవుతుంది. వానాకాలంలో అయితే తడి సన్నపొడి బంకర్లలో, చ్యూట్లలో అతుక్కుపోయి బొగ్గు దిగదు. బూడిదలో వచ్చిన లాభం కొంత ఇక్కడ పోతుంది.

ఇక గంధకం. అమెరికాలో బొగ్గు కడగడం గురించి మాట్లాడినప్పుడల్లా ఆమ్ల వర్షాల ప్రస్తావన వచ్చేది, దానికి కారణం ఉంది. ఇల్లినాయీ, అపలేచియా బొగ్గుల్లో గంధకం ఎక్కువ, అందులో చాలా భాగం పైరైట్ అనే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం రూపంలో ఉంటుంది. పైరైట్ సాంద్రత నీటికి అయిదు రెట్లు, కడిగితే ఠక్కున మునుగుతుంది, దాన్ని అంటిపెట్టుకున్న పాదరసం కూడా కొంత దానితోనే పోతుంది. బొగ్గు అణువుల్లో భాగమైపోయిన సేంద్రియ గంధకాన్ని మాత్రం ఏ నీళ్లూ తీయలేవు. మన ఈశాన్య రాష్ట్రాల బొగ్గులో గంధకం ఎక్కువగా ఈ రెండో రకమే. గోండ్వానా బొగ్గులో ఉన్నదే అర శాతం, కడిగినా చిమ్నీ నుంచి వచ్చే సల్ఫర్ డయాక్సైడ్‌లో చెప్పుకోదగ్గ మార్పు రాదు. దాన్ని ఆపాలంటే కాల్చిన తరవాత పొగను సున్నపురాయి నీటితో కడిగే ఎఫ్‌జీడీ యంత్రమే కావాలి. 2015 డిసెంబర్‌లో కేంద్రం తెచ్చిన ఉద్గార పరిమితులు అందుకే దాని చుట్టూ తిరిగాయి. గడువు వాయిదాల మీద వాయిదాలు పడి, చివరికి 2025 జూలైలో దేశంలోని యూనిట్లలో నాలుగింట మూడు వంతులకు పైగా ఎఫ్‌జీడీ అక్కర్లేదని మినహాయింపు ఇచ్చారు. బొగ్గు కడుగుతున్నాం కాబట్టి ఎఫ్‌జీడీ వద్దని ఎవరైనా అంటే అది తప్పు, రెండూ పట్టుకునేవి రెండు వేరు వేరు విషాలు. సల్ఫర్ డయాక్సైడ్ గాల్లో ఊరికే ఉండదు, దూరం వెళ్లాక సల్ఫేట్ రేణువులుగా మారి ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది.

బూడిద మీద మన దేశంలో రూల్ ఎప్పుడో వచ్చింది. 1997లో పర్యావరణ శాఖ ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం 2001 జూన్ నుంచి గనికి వెయ్యి కిలోమీటర్లు దాటిన ప్లాంట్లు, పట్టణాల్లో, సున్నిత ప్రాంతాల్లో, బాగా కలుషితమైన ప్రాంతాల్లో ఉన్న ప్లాంట్లు 34 శాతం మించి బూడిద ఉన్న బొగ్గు వాడకూడదు. 2014లో దీన్ని బిగించి దూరాన్ని ముందు 750 కిలోమీటర్లకు, 2016 జూన్ నుంచి 500 కిలోమీటర్లకు దించారు. ఆ లెక్కన తాల్చేరు బొగ్గు మీద ఆధారపడ్డ ఇబ్రహీంపట్నం ప్లాంటు కూడా రూల్ కిందికి వచ్చింది. అయితే బొగ్గు కడిగే తీరాలని రూల్ ఎక్కడా అనలేదు. మూడు నెలల సగటు 34 శాతం లోపు ఉంటే చాలు, ఇండొనేషియా నుంచి వచ్చిన తక్కువ బూడిద బొగ్గును కలిపినా సరిపోతుంది. తీరప్రాంతపు ప్లాంట్లకు ఇది తేలిక దారి అయింది. రాయి గని దగ్గర ఆగలేదు, వచ్చిన రాయిలో విదేశీ బొగ్గు కలిసి సగటు మాత్రం తగ్గింది.

2020 మే 21న ఈ 34 శాతం నిబంధననే ఎత్తేశారు. కారణాలుగా చెప్పినవాటిలో ముఖ్యమైనవి ఇవి: కడిగినా బూడిద మాయం కాదు, వాషరీ దగ్గర కొంత, ప్లాంటు దగ్గర కొంత పడుతుంది, ఒక్కచోటే ఉంటే పట్టుకోవడం సులువు, వాషరీ రిజెక్టులు చిన్నాచితకా పరిశ్రమలకు చేరి అక్కడ ఏ అదుపూ లేకుండా కాలుతున్నాయి, పైగా కడగడం వల్ల కరెంటు ఖరీదవుతోంది. ఇందులో రిజెక్టుల మాట అబద్ధం కాదు. ఇఎస్‌పి లేని చిన్న బట్టీలో 60 శాతం రాయి ఉన్న రిజెక్టు కాలితే ఆ చుట్టుపక్కల ఊళ్లకు జరిగే హాని పెద్ద ప్లాంటు కంటే ఎక్కువే. కానీ దానికి మందు రిజెక్టులు ఎక్కడికి పోతున్నాయో లెక్క అడగడం. వాషరీ పక్కనే ఫ్లూయిడైజ్డ్ బెడ్ బాయిలర్ పెట్టి అక్కడే కాల్చేట్టు చేయొచ్చు, ఆ బాయిలర్లు అలాంటి సరుకును కాల్చగలవు. లేదా తవ్వేసిన ఓపెన్‌కాస్ట్ గోతిలో సరైన పద్ధతిలో నింపి పైన మట్టి కప్పొచ్చు. ఇవేవీ గట్టిగా అమలుచేయకుండా మొత్తం రూల్‌నే తీసేయడం సరైన నిర్ణయం కాదు. ఒక్కచోట ఉంటే పట్టుకోవడం సులువన్న వాదన కూడా నిలవదు. ఆ ఒక్కచోట ఇప్పటికే నిండిపోయి ఉంది. ఆ నోటిఫికేషన్‌కు నెలన్నర ముందే, 2020 ఏప్రిల్‌లో, మధ్యప్రదేశ్ సింగ్రౌలీ దగ్గర శాసన్ ప్లాంటు బూడిద చెరువు కట్ట తెగి ఆరుగురు చనిపోయారు. శాసన్ గని పక్కనే ఉన్న ప్లాంటు, 34 శాతం రూల్ దానికి దూరం వల్ల వర్తించేది కాదు, కాబట్టి ఆ ప్రమాదాన్ని రూల్ ఎత్తివేతకు ముడిపెట్టడం న్యాయం కాదు. బూడిదను ప్లాంటు దగ్గర పోగేస్తే పట్టుకోవడం ఎంత సులువో మాత్రం అది చూపించింది. 2021-22లో దేశంలో థర్మల్ ప్లాంట్ల నుంచి వచ్చిన బూడిద దాదాపు 27 కోట్ల టన్నులు. సిమెంటుకు, ఇటుకలకు, రోడ్లకు చాలా పోతున్నా పాత చెరువుల్లో పేరుకున్నది అలాగే ఉంది, ఎండాకాలం గాలి లేస్తే చుట్టుపక్కల ఇళ్ల మీదా, పొలాల మీదా పడుతూనే ఉంది.

వాషరీలవైపు కూడా చేదు చరిత్ర ఉంది, కడగాలని కోరేవాళ్లు దాన్ని ముందు తెలుసుకోవాలి. అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో 1972 ఫిబ్రవరి 26న బఫెలో క్రీక్ లోయ ఎగువన బొగ్గు వాషరీ మురికినీటిని నిలిపిన కట్ట తెగి 125 మంది చనిపోయారు. ఆ కట్టను వాషరీ వ్యర్థాలతోనే పోసుకుంటూ వచ్చారు. మన జార్ఖండ్‌లో దామోదర్ నది వెంట కోకింగ్ బొగ్గు వాషరీలు ఏళ్ల తరబడి వదిలిన స్లర్రీతో, అంటే బొగ్గు పొడి కలిసిన బురదనీటితో, నీళ్లు నల్లబడ్డాయి, ఆ నల్ల బురదను ఒడ్డున ఎండబెట్టి అమ్ముకుని బతికే జనం తయారయ్యారు. కడిగిన నీటిని థిక్కెనర్‌లో తేర్చి మళ్లీ వాడే క్లోజ్డ్ సర్క్యూట్ ఉంటే ఇదంతా ఉండదు. ఆ సర్క్యూట్ కాగితం మీద ఉందా, నిజంగా నడుస్తోందా అన్నదే తేడా. నీళ్లకు కటకటలాడే గని ప్రాంతాల్లో ఈ ప్రశ్న ఇంకా ముఖ్యం.

సరిగ్గా చేసిన చోటు ఉందా అంటే, మహారాష్ట్ర తీరంలో సపోటా తోటలకు పేరున్న దహాను ఉంది. సున్నిత ప్రాంతంగా ప్రకటించిన చోట 500 మెగావాట్ల ప్లాంటు కట్టడంతో కోర్టులూ, స్థానికులూ దాన్ని వదిలిపెట్టలేదు. ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి కడిగిన బొగ్గు తెచ్చుకుంది, పొగలోని గంధకాన్ని సముద్రపు నీటితో తీసే ఎఫ్‌జీడీని 2007లో పెట్టుకుంది. బూడిదకు ముందు, గంధకానికి తరవాత, రెండు చోట్లా పట్టింది. అక్కడివాళ్లు పట్టుబట్టి ఉండకపోతే ఆ ప్లాంటు తనంతట తాను ఇవన్నీ చేసేదని అనుకోలేం.

తెలుగు రాష్ట్రాల్లో ప్లాంట్లన్నిటికీ ఒకే మాట చెప్పలేం. రామగుండం, పాల్వంచ, మణుగూరు గనుల పక్కనే ఉన్నాయి, వాటికి రైలు చార్జీ మిగిలేది తక్కువ. కడిగితే వచ్చే లాభం బాయిలర్‌కూ, ఇఎస్‌పికీ, బూడిద చెరువుకూ పరిమితం, పారేసిన వేడితో బేరీజు వేసుకుంటే లెక్క అటూ ఇటూగా తేలొచ్చు. అక్కడ అంతకంటే ముందు చేయాల్సింది తవ్వేటప్పుడే షేల్ బ్యాండును వదిలి బొగ్గు పొరను మాత్రమే కోసే సర్ఫేస్ మైనర్లను వీలున్న చోటల్లా వాడటం. ఇబ్రహీంపట్నం, కృష్ణపట్నం, పరవాడ సింహాద్రి లాంటివి వేరు. తాల్చేరు నుంచి వచ్చే ప్రతి రేకులో మోస్తున్న రాయికి అవి కిలోమీటర్ల లెక్కన డబ్బు కడుతున్నాయి, వాటికి గని దగ్గర రాయి తీయించుకోవడమే లాభం.

నీళ్ల భయం ఉన్నచోట పొడి పద్ధతులూ ఉన్నాయి. గాలితో ఊపే జల్లెడలు ఒక రకం. ఎక్స్-రే సార్టర్లు ఇంకో రకం, బెల్టు మీద పరిగెత్తే ముక్క రాయో బొగ్గో ఎక్స్-రేతో చూసి, రాయైతే పక్కనున్న నాజిల్ నుంచి గాలి కొట్టి అవతలికి తోసేస్తాయి. సన్నపొడిని ఇవి శుభ్రం చేయలేవు, తడి వాషరీ అంత కచ్చితత్వమూ లేదు. కానీ 40 నుంచి 34కి దించడానికి పెద్ద ముక్కల్లోని రాయి పోతే చాలావరకు సరిపోతుంది, స్లర్రీ చెరువు బెడద ఉండదు, బొగ్గు తడవదు.

ఇవన్నీ ఉన్నా ఎవరు పెట్టాలన్న దగ్గర బండి ఆగుతోంది. బొగ్గు కంపెనీకి రాయితో కలిపి అమ్మినా టన్నులు టన్నులే. 2012 నుంచి ధర వేడి విలువను బట్టి, జీ1 నుంచి జీ17 దాకా గ్రేడుల్లో ఉన్నా, లోడింగ్ దగ్గర ఒక గ్రేడు, అన్‌లోడింగ్ దగ్గర ఇంకో గ్రేడు అన్న తగాదా ప్లాంట్లకూ గనులకూ మధ్య నడుస్తూనే ఉంటుంది. రైల్వేకు టన్ను ఎంత ఎక్కువైతే అంత రాబడి. ప్లాంటుకు బొగ్గు ఖర్చు ఎంతైనా టారిఫ్‌లో వినియోగదారుడి మీద వేసే వీలుంది. రాయిని మోసినందుకు నష్టపోయేది కరెంటు బిల్లు కట్టేవాళ్లూ, బూడిద పీల్చేవాళ్లూ, వీళ్లిద్దరూ బొగ్గు ఒప్పందంలో పార్టీలు కారు. అందుకే ఈ పని రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండళ్ల దగ్గర మొదలుకావాలి. ఇంధన ఖర్చు ఆమోదం కోసం ప్లాంట్లు వచ్చినప్పుడు టన్నుకు ఎంత పెట్టారని అడిగి ఊరుకోకుండా, ప్లాంటు గేటు దగ్గర కొలిచిన బూడిద శాతం ఎంత, ఆ బూడిదను మోయడానికి రైల్వేకు కట్టింది ఎంత, ట్యూబ్ లీకేజీలతో ఎన్ని రోజులు యూనిట్లు ఆగాయి అని అడిగి, ఆ వివరాలను నెలనెలా బయట పెట్టించాలి. అవి చేతిలో ఉంటే ఏ ప్లాంటుకు కడిగిన బొగ్గు లాభమో, దేనికి కాదో ఒక్కొక్కటిగా తేల్చుకోవచ్చు.